ఏమీ చుట్టని చక్రం

నా జీవితంలో నేను రాసినవాటన్నింటిలోకీ మంచి వాక్యం మా అమ్మ మధ్యాహ్నపు అన్నాన్ని ఊడగొట్టింది. ముప్ఫై ఏళ్లకు పైగా తెలుగు పంతులుగా పిల్లల వాక్యాలు దిద్దినవాణ్ని. ఆ వాక్యంలో ఒక్క అక్షరదోషం లేదు. సంధి కుదిరింది, సమాసం అమరింది, చివర క్రియ పీట వేసుకుని చక్కగా కూర్చుంది. కుదరనిది ఒక్క సర్కారు వాళ్లతోనే.

మాది నారాయణపేటకు దగ్గర్లో ఒక నేత ఊరు. చీర నేసేవాణ్ని అందరూ చూస్తారు. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలోకి వెళ్లే నూలును రాట్నం మీద చిన్న చిన్న కండెలకు చుట్టి అందించే మనిషిని ఎవరూ చూడరు. ఆ మనిషి పక్కన లేకపోతే మగ్గం మూగదే. మా ఇంట్లో మగ్గం బాపుది, రాట్నం అమ్మది. నాకు ఆ రెండూ రాలేదు. నేను పంతులు ఉద్యోగం తెచ్చుకున్న రోజు బాపు నా నియామక పత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మావోడు గూడ నేతగాడే. కాకుంటే మాటలు నేస్తడు. కట్టుకోనీకి రావు" అన్నాడు. ఇన్నేళ్లకు అది విమర్శ కాదనీ, ఉన్నమాటేననీ ఒప్పుకుంటున్నాను.

బాపు పోయాక నేను ఒక మంచి పని చేశానని అనుకున్నాను. గుంట మగ్గం తీయించేశాను. గుంట పూడ్పించి, పైన బూడిదరంగు టైల్స్ వేయించాను. ముసలి మనిషి అందులో పడుతుందేమోనని నా భయం. రాట్నాన్ని అటక మీదికి ఎక్కించాను, ఇక నువ్వు కష్టపడొద్దమ్మా అని. అమ్మ ఏమీ అనలేదు. ఆ తరువాత కూడా ఏమీ అనలేదు. గుంట ఉన్న చోట, టైల్స్ మీద, గోడకు వీపు ఆనించి కూర్చునేది. తిన్నావా అంటే "ఆ". నిద్ర పట్టిందా అంటే "ఊ". అచ్చులతోనే ఒక ఏడాది గడిపింది. దవాఖానకు తీసుకెళ్తే డాక్టరు అన్నీ చూసి, "వయసండీ" అన్నాడు. నేను తల ఊపి మందులు కొనుక్కుని వచ్చాను.

ఆ రోజుల్లోనే వృద్ధుల కోసం పగటి కేంద్రాలకు ప్రభుత్వం డబ్బులిస్తుందని విన్నాను. మా నేత వీధిలో ఒక సంఘం హాలు ఖాళీగా పడి ఉంది. మధ్యాహ్నం ఒక పూట అన్నం, వంటామె జీతం, వారానికోసారి నర్సు వచ్చి బీపీ, షుగరు చూడటం. ఇవి ఇస్తే ఇరవై మంది ముసలివాళ్లకు పగలు గడిచిపోతుంది. ఊళ్లో దరఖాస్తు రాయగలిగినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి నేనే రాశాను. దరఖాస్తు బయలుదేరిన కొన్నాళ్లకు జిల్లా విడిపోయింది. మనుషులం కొత్త జిల్లాలోకి వచ్చేశాం, మా కాగితం మాత్రం పాత జిల్లాలోనే ఉండిపోయింది. ఇక్కడ అడిగితే "అక్కడుంది", అక్కడికి పోయి అడిగితే "పంపించేసినం". మంజూరు అనేది కూడా ఏదో ఒక ఊరే అయితే, బస్సెక్కి పోయి, చూసి, సాయంత్రానికి తిరిగి వచ్చేవాణ్ని.

చివరికి వచ్చింది. హాలుకు సున్నం వేశారు. కుర్చీలు వచ్చాయి, ఒక టీవీ, ఒక క్యారమ్ బోర్డు. ఊరివాళ్లు దానికి ముసలోళ్ల బడి అని పేరు పెట్టారు. రిటైరైనా నాకు బడి తప్పలేదు. హాజరు పట్టీ రాయడం నా పని.

మొదటి నెల ఎలా గడిచిందో చెప్పాలంటే సిగ్గేస్తుంది. పదకొండింటికి వచ్చేవారు. కుర్చీల్లో వరసగా, బస్సు కోసం చూస్తున్నట్టు కూర్చునేవారు. టీవీలో ఎవరో ఏడుస్తుండేవారు. అన్నం పెట్టగానే తిని, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయేవారు. క్యారమ్ బోర్డు మీద వంటామె చింతపండు ఆరబెట్టింది. అమ్మ కూడా వచ్చేది. ఇంట్లో గోడకు ఆనుకునే బదులు ఇక్కడ కుర్చీకి ఆనుకునేది. "ఆ", "ఊ".

ఒక రోజు మామ ఆలస్యంగా వచ్చాడు. మామ అంటే మా ఎదురింటి ముసలాయన, వరసకు అమ్మకు అన్న. అతని కొడుకు ఇంకా నేస్తాడు. కోడలికి జ్వరం, సాయంత్రానికి కండెలు కావాలి, అందుకని ఒక చేతిలో రాట్నం, ఇంకో చేతిలో ఎర్ర నూలు సంచి పట్టుకుని వచ్చాడు. వచ్చి కుర్చీ పక్కకు నెట్టి, నేల మీద కూర్చుని చుట్టడం మొదలుపెట్టాడు. బతుకంతా మగ్గం గుంటలో కూర్చున్న మనిషి, కండె చుట్టడం ఎప్పుడో గానీ చేయలేదు. నూలు ఒక చోట లావుగా, ఒక చోట సన్నగా పడుతోంది.

అమ్మ చాలాసేపు చూసింది. తరువాత కుర్చీలోంచి దిగింది.

"గట్లనా చుట్టేది? కప్ప మింగిన పాము లెక్క ఉన్నది కండె. ఇటు తే."

"నీకు చాతనైతదా చెల్లె?"

"నీ మగ్గానికి కండెలు తక్కువైతే ఎవ్వలు చుట్టిచ్చిన్రో యాది చేసుకో. అవుతల జరుగు."

ఏడాదికి పైగా గడిచాక అమ్మ నోటి నుంచి వచ్చిన మొదటి నిండు వాక్యం అది. తరువాత వచ్చినవి లెక్కపెట్టలేదు. ఆమె ఎడమ చేతి వేళ్ల మధ్య నుంచి నూలు పోతుంటే, నోట్లోంచి మాట పోతోంది. ఎవరి పెళ్లికి ఏ రంగు గడుల చీర నేశారు, ఎవరు అంచు తప్పు నేసి మళ్లీ విప్పారు, బాపు ఒకసారి అలిగి మూడు రోజులు మగ్గం ఎక్కకపోతే ఆమె ఎలా ఎక్కించింది. ఆ చివరి కథ నాకు కూడా తెలియదు. నేను హాజరు పట్టీ మూసి విన్నాను.

మా వీధివాళ్ల సంగతి నాకు అప్పుడు గానీ అర్థం కాలేదు. చేతులు కదిలితే తప్ప వీళ్లకు నోరు కదలదు. చిన్నప్పటి నుంచి మాట్లాడుకున్నదంతా పని పక్కనే. చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురెదురుగా కూర్చోవడం చావు ఇంట్లోనే చూశారు. మేము వాళ్లకు కుర్చీలు వేసి కూర్చోమన్నాం. వాళ్లు పరామర్శకు వచ్చినట్టు కూర్చున్నారు.

వారం తిరిగేసరికి హాల్లో ఏడు రాట్నాలు. నేనే అటకెక్కి మా రాట్నాన్ని దించాను, తల మీద అరకిలో దుమ్ముతో. గొర్రెల ఇంటి అవ్వకు నూలు రాదు, ఉన్ని వచ్చు. గొంగడి కోసం కదురు మీద ఉన్ని వడుకుతూ కూర్చునేది. ఆమె కొడుకులు మందతో కృష్ణ ఒడ్డు వైపు పోతే నెలల తరబడి రారు. ఇంట్లో ఒక్కతే. మిగతావాళ్లకు ఈ అన్నం ఒక పూట సుఖం, ఆమెకు అదే అన్నం. మధ్యాహ్నం తిని, రాత్రికి కొంచెం గిన్నెలో పట్టుకుపోయేది. వంటామె చూసీ చూడనట్టు గరిటె నిండుగా వేసేది.

ఇక నా వాక్యం సంగతి. ఏడాది చివర నివేదిక పంపాలి. ఎంతమంది వచ్చారు, ఏం తిన్నారు అన్నవి గళ్లలో నింపి పంపితే సరిపోయేది. గళ్ల చీరలు నేసే ఊరివాణ్నే గానీ, గళ్లలో ఇమడటం నాకు అలవాటు లేదు. కింద "ఇతర వివరాలు" అని రెండు గీతల జాగా కనిపించింది. పంతులుకు ఖాళీ జాగా చూపించకూడదు. ఇలా రాశాను:

"మా వృద్ధులు ఊరికే కూర్చోరు, ఊరికే ఊపిరిపోస్తారు, ఊరి మగ్గాలన్నీ వీరి చేతుల మీదుగానే ఆడుతున్నాయి."

అమ్మకు చదివి వినిపించాను. రెండు "ఊరికే"ల మధ్య ఆగి, ఆమె ముఖం చూశాను, శభాష్ అంటుందేమోనని.

"మంచిగున్నది" అంది. "కానీ గిది వాళ్లకెందుకు కొడకా? వాళ్లు అన్నం సంగతి అడిగిన్రు. నువ్వు మగ్గం సంగతి చెప్తున్నవ్."

నేను నవ్వి కవరు అంటించాను.

రెండు నెలలకు బియ్యం ఆగింది. ఆలస్యం అనుకున్నాం. వంటామె జీతం ఆగింది. తరువాత కాగితం వచ్చింది. అందులో నా వాక్యం ఉంది. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాసి, "చేతుల మీదుగానే ఆడుతున్నాయి" కింద గీత కొట్టారు. నా వాక్యం కింద ఎవరైనా గీత కొట్టడం అదే మొదటిసారి. సేవా కేంద్రాన్ని ఉత్పత్తి కేంద్రంగా మార్చి, వృద్ధులతో పని చేయిస్తున్నట్టు నిర్వాహకులే అంగీకరించినందున, విచారణ ముగిసే వరకు నిధులు నిలిపివేయడమైనది.

ఆ కాగితం పంపిన జిల్లా ఆఫీసుకు నేను ఎన్నిసార్లు తిరిగానో చెప్పను. చెబితే నాకే కోపం వస్తుంది. మొదటిసారి అక్కడి అధికారి, మేడం, మీటింగులో ఉంది. రెండోసారి మేడం ఉంది, ఫైలు మీటింగులో ఉందన్నంత పని చేశారు. మూడోసారి అక్కడి గుమస్తా నా చేతిలోని కాగితం చూసి, "ఓ, ఊరికే సారు మీరేనా?" అన్నాడు. ఆఫీసులో నాకు ఆ పేరు స్థిరపడిపోయింది. ఇన్నాళ్లూ బిరుదు లేని లోటు తీరింది.

మేడం చిన్న వయసు మనిషి. మర్యాదస్తురాలు. కుర్చీ వేయించి, నీళ్లు ఇప్పించింది. అందుకే ఎక్కువ కోపం వచ్చింది. మంచివాళ్ల మీద అరవడానికి ఉండదు.

"సార్, మీరే రాసిన్రు కదా" అంది.

"రాశానమ్మా. పని చేయించడం కాదది. వాళ్లంతట వాళ్లే చుట్టుకుంటున్నారు. చుడుతుంటేనే మాట్లాడుకుంటారు."

"కండెలు ఎవరికి పోతయి?"

"వాళ్ల ఇళ్లకే. కొడుకులకు, కోడళ్లకు."

"మరి అది పనే కద సార్. రేపు ఎవరన్న వచ్చి, ముసలోళ్లతోని వెట్టి చేయిస్తున్నరని పేపర్ల రాస్తే నేను జవాబు చెప్పాలె." ఫారం నా వైపు తిప్పింది. "చూడుర్రి. ఇక్కడ మూడే ఉన్నయి. విశ్రాంతి, వినోదం, వైద్యం. మీరు చెప్పేది దేంట్ల రాయాలె?"

ఫారం చూశాను. ఆమె చెప్పింది నిజమే, మూడే గడులు. ముసలివాళ్లు పడుకోవచ్చు, నవ్వవచ్చు, జబ్బు పడవచ్చు. నాలుగో పని ఏదీ వాళ్లు చేస్తారని ఆ ఫారం అచ్చు వేసినవాడికి తోచలేదు.

"వినోదంలో రాయండమ్మా" అన్నాను.

"మగ్గాలు ఆడుతున్నయని రాసిన్రు సార్. అది వినోదం ఎట్లయితది?" అంది. ఆడటమే కదమ్మా వినోదం అనబోయి, నా మాటల సరదా వల్లే ఇక్కడికి వచ్చానని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

చివరికి ఆమె, తానే వచ్చి చూస్తాననీ, ఆ రోజు హాల్లో పని ఏదీ కనిపించకపోతే నిధులు వదిలిపెట్టమని రాస్తాననీ మాట ఇచ్చింది. ఎప్పుడు అంటే, త్వరలో అంది.

ఆ త్వరలో వచ్చేదాకా వంటామె ఇంటింటికీ తిరిగి బియ్యం అడిగి కొన్నాళ్లు నెట్టుకొచ్చింది. తరువాత ఎవరి సద్ది వాళ్లు తెచ్చుకున్నారు. గొర్రెల ఇంటి అవ్వ రావడం మానేసింది. అమ్మ నన్ను పంపింది, పోయి చూసి రమ్మని. వెళితే వాకిట్లో కూర్చుని ఉన్ని వడుకుతోంది.

"ఎందుకు వస్తలేవు అవ్వా?"

"కడుపు నిండి ఉంటాంది సారూ, యాడ రావాలె?" అంది. పొయ్యి వైపు చూశాను. బూడిద చల్లగా, నున్నగా ఉంది. ఆ పొయ్యి చూశాక నా వాక్యంలోని సమాసం నాకు అంత అందంగా కనిపించలేదు. అప్పటి నుంచి మా ఇంట్లోంచే ఆమెకు గిన్నె పోయేది. కానీ ఒక ఇంటి గిన్నె తీసుకోవడం ఆమెకు మొహమాటం. మొదటి రోజు మూత కూడా తీయలేదు. "మీ అమ్మకు చెప్పు సారూ, రోజూ పంపుడు వద్దని. సర్కారుదైతే అందరితోని కూసోని తింటి. ఇట్లైతే మంచిగుండదు" అంది.

మేడం వచ్చే తారీఖు తెలియగానే ఏడు రాట్నాలనూ, ఒక కదురునూ సామాను కొట్లో పెట్టి తాళం వేశాను. రెండు రోజుల ముందు అందర్నీ కూర్చోబెట్టి, ఎలా కూర్చోవాలో నేర్పించాను. అవును, ఖాళీగా కూర్చోవడం నేర్పించాను. నా ఉద్యోగమంతా కదలకుండా కూర్చోమని చెప్పడంతోనే గడిచింది గానీ, ఇంత మొద్దు తరగతి నాకు ఎప్పుడూ దొరకలేదు.

"ఎంతసేపు కూసోవాలె పంతులూ?" మామ అడిగాడు.

"మేడం పోయేదాకా."

"చేతులు యాడ పెట్టాలె?"

"ఒళ్లో పెట్టుకో మామా."

పెట్టుకున్నాడు. "పెట్టుకున్న. ఇగ?"

"ఇక ఏం లేదు."

కాసేపు చూశాడు. "అయిపోయిందా?"

"అయిపోవడం కాదు మామా, అదే పని."

"దీనికన్నా పట్టుచీర నేసుడు అల్కగున్నది" అన్నాడు. అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. ఆమె అప్పటికే అచ్చుల్లోకి తిరిగి వెళ్లిపోయింది. రాట్నం కొట్లో పెట్టినప్పటి నుంచి ఇంట్లో మళ్లీ "ఆ", "ఊ". నాకు ఆమె అన్నమూ కావాలి, మాటా కావాలి. సర్కారు ఒకటి ఇస్తానంటోంది, రెండోది కొట్లో పెడితే.

మేడం వచ్చింది. గొర్రెల ఇంటి అవ్వ కూడా వచ్చి వరసలో కూర్చుంది, నేను బతిమిలాడితే. హాలు శుభ్రంగా ఉంది. టీవీ మోగుతోంది. ఇరవై మంది కుర్చీల్లో, నేను నేర్పినట్టే కూర్చున్నారు. మేడం సంతోషించి, ఒక్కొక్కరినీ పలకరిస్తూ వచ్చింది. అమ్మ దగ్గర ఆగింది.

అమ్మ చూపు టీవీ మీద ఉంది. కుడి చెయ్యి మాత్రం మోకాలి పక్కన మెల్లగా గుండ్రంగా తిరుగుతోంది. ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు దగ్గరికి చేర్చి, మధ్యలో లేని నూలును పైకీ కిందికీ జరుపుతోంది. ఆమెకు ఆ సంగతే తెలియదు. నేను గొంతు సవరించుకున్నాను. వినలేదు.

"అమ్మా, ఈ చేతుల వణుకుడు ఎన్నొద్దుల సంది?" మేడం వంగి, ఎంతో ప్రేమగా అడిగింది.

అమ్మ తల ఎత్తింది. ఏ వణుకుడు అని అడగలేదు. చేతుల గురించి అడిగారని మాత్రం అర్థమైంది.

"పన్నెండేండ్ల పోరిని ఉన్నప్పటి సంది" అంది.

మేడం ముఖం మారిపోయింది. పక్కనున్న ముసలమ్మ చేతులు చూసింది. అవీ తిరుగుతున్నాయి. ఆ పక్కన గొర్రెల ఇంటి అవ్వ వేళ్లు గాలిని పురిపెడుతున్నాయి. ఆ వరసలో మామ చేతులొక్కటే ఒళ్లో ఉన్నాయి, పాఠం ప్రకారం.

"ఇందరికి ఉన్నదా?" మేడం అడిగింది.

నేను నోరు తెరిచాను. నిజం చెప్తే కొట్టు తాళం తీయాలి. మామ నాకన్నా చురుకు.

"మా వాడకట్టులో అందరికీ ఉంటది మేడం. ఒక్కొక్కరికి ఒక్కో లెక్క. ఈమెకు నూలు లెక్క, గామెకు ఉన్ని లెక్క."

చివరి మాట మేడం వినిపించుకోలేదు. రాసుకుంటోంది. తలుపు దగ్గర నా వైపు తిరిగి, కోపంగానే అంది. "ఇంతమందికి ఇట్లుంటే రిపోర్టుల ఒక్క ముక్క రాయలేదు సార్. ఊరి మగ్గాల గురించి రాసిన్రు గానీ."

అరవై ఏళ్లకు పైగా కండెలు చుట్టిన చేతులను రోగం అని రాస్తుంటే, నేను పక్కన నిలబడి, ఆమె కలం ఆగిపోతే నా కలం ఇచ్చాను. నిజంగానే ఇచ్చాను. ఆమె కలంలో సిరా అయిపోయింది.

ఆ నెలలోనే బియ్యం వచ్చింది. వంటామె జీతం వచ్చింది. గొర్రెల ఇంటి అవ్వ గిన్నెతో వచ్చింది. మళ్లీ ఎవరు వచ్చి చూస్తారోనని రాట్నాలు మాత్రం కొట్లోనే ఉంచాను. వీటి కోసం మేము ఎంత తిరిగామో, వీటితో పాటు అడగనిది ఒకటి అంత సులువుగా వచ్చింది. ఒక పెద్ద ఇనుప చక్రం. దాన్ని గోడకు బిగించడానికి ఒకాయన వచ్చాడు. చేతుల వణుకు ఉన్నవాళ్లకు కసరత్తు కోసమట. అంత మంచి చక్రం మా ఊళ్లో ఎవరూ చూడలేదు. నున్నటి పిడి, ఆకుపచ్చ రంగు, మధ్యలో పొడుగాటి ఇరుసు.

అమ్మ లేచి వచ్చి దాన్ని చుట్టూ చూసింది. ఎన్నో రోజుల తరువాత మాట్లాడింది.

"దీనికి కండె యాడ పెట్టాలె?"

"ఏం పెట్టొద్దమ్మా" అన్నాడు బిగించినాయన. "ఊరికే తిప్పాలె. పదిసార్లు ఇటు, పదిసార్లు అటు."

"దేనికి?"

"చేతులకు మంచిది."

అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. మిగతావాళ్లూ ఒక అడుగు వెనక్కి వేశారు. మా వీధిలో ఖాళీ రాట్నం తిప్పరు. చిన్నప్పుడు నేను ఆటకు తిప్పితే అమ్మ వీపు మీద ఒకటి వేసేది. నూలు లేకుండా తిప్పితే ఆ ఇంట్లో నూలు ఉండదని నమ్మకం. సర్కారు చక్రానికి ఆ నమ్మకం వర్తించదని చెప్పి చూశాను. మామ, "అయితే నువ్వు తిప్పు పంతులూ, ఎట్లయినా నీ ఇంట్ల నూలు లేదు కద" అన్నాడు. ఆ మాట అమ్మకు తగిలిందో లేదో గానీ నాకు తగిలింది. గుంట పూడ్పించింది నేనే.

చక్రం అలాగే ఉండిపోయింది. వంటామె దాని మీద గరిటెలు తుడిచే బట్ట ఆరేసింది. మూడు నెలలకు మళ్లీ కాగితం. తనిఖీకి వచ్చిన వేరే ఎవరో దుమ్ము పట్టిన చక్రాన్ని చూసి వెళ్లారు. మంజూరు చేసిన పరికరం వినియోగంలో లేనందున, సంజాయిషీ ఇవ్వనిచో తదుపరి నిధులు నిలిపివేయబడును.

ఆ కాగితం పట్టుకుని నేను హాల్లోకి వెళ్లి, అందరి ముందు అరిచాను. ఎవరి మీద అరిచానో నాకే తెలియదు. అసలైన రాట్నాలు తిప్పితే అన్నం ఆపుతారు. ఉత్త చక్రం తిప్పకపోతే అన్నం ఆపుతారు. మేం ఏం తిప్పాలి, ఎటు తిప్పాలి, ఎవరి కోసం తిప్పాలి. ముసలివాళ్లు నన్ను జాలిగా చూశారు. బడిలో అరిచే పంతుళ్లను అందరూ అలాగే చూస్తారు.

"ఒర్రకు కొడకా" అంది అమ్మ. గొర్రెల ఇంటి అవ్వ వైపు ఒకసారి చూసింది. ఆమె గిన్నె ఒళ్లో పెట్టుకుని, మూత పట్టుకుని కూర్చుంది.

అమ్మ లేచి మామను అడిగింది. "అన్నా, నీ జేబుల నూలు ఉన్నదా?"

జేబులో నూలు లేకుండా మామ ఎప్పుడూ ఉండడు. ఒక ఎర్ర పోగు తీసి ఇచ్చాడు. అమ్మ దాని ఒక కొసను చక్రం ఇరుసుకు ముడి వేసింది. రెండో కొసను గొర్రెల ఇంటి అవ్వ చేతికి ఇచ్చింది.

"గట్టిగ పట్టుకో. ఇగ ఇది ఖాళీ కాదు."

అమ్మ పిడి పట్టుకుని తిప్పింది. పదిసార్లు ఇటు. ఎర్ర పోగు ఇరుసుకు చుట్టుకుంటూ పోయింది. పదిసార్లు అటు. చుట్టుకున్నదంతా విప్పుకుంటూ వచ్చి గొర్రెల ఇంటి అవ్వ కాళ్ల దగ్గర పడింది. అమ్మ ఆగి చూసింది.

"ఇది సర్కారు రాట్నం" అంది. "చుట్టినదాన్నే ఊడదీస్తది."

"మరి గిట్ల ఎన్నొద్దులు అక్కా?" గొర్రెల ఇంటి అవ్వ అడిగింది.

"నీ కొడుకులు వచ్చేదాంక తిప్పుదాం. ముందు వాళ్ల ముచ్చట చెప్పు. ఈసారి మందను ఏ దిక్కు తోలిన్రు?"

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి ఇద్దరిద్దరుగా వంతులు వేసుకున్నారు. ఒకరు పిడి, ఒకరు పోగు. చుట్టేటప్పుడు ముచ్చట్లు, విప్పేటప్పుడు కొట్లాటలు. ఏడు రాట్నాల దగ్గర వచ్చినంత మాట ఒక్క పోగు మీద రాదు. వచ్చినంత వస్తోంది. సాయంత్రం ఇంటికి వచ్చాక అమ్మ నాలుగు మాటలు మిగుల్చుకుని వస్తుంది, ఒక్కోరోజు ఆరు.

సంజాయిషీ నేనే రాశాను. ఈసారి ఒక్క వాక్యం: "చక్రాన్ని ప్రతిరోజూ తిప్పుతున్నారు." అమ్మకు చదివి వినిపించాను.

"గింతేనా?" అంది. "గన్నేండ్లు పంతులుగిరి చేసినోనివి, గింతేనా రాసేది?"

"గింత చాలమ్మా."

"అబద్ధం గూడ కాదు తియ్యి" అంది. కవరు అంటిస్తుంటే మళ్లీ పిలిచింది. "ఆ కొట్టు తాళంచెవి నీ తాననే ఉన్నదా?"

"ఉంది."

"రాట్నాల కదుర్లకు జర నూనె పెట్టు. తుప్పు పడతయి."

ఇప్పుడు ఆదివారం ఆదివారం, హాలు మూసి ఉన్నప్పుడు, నేను కొట్టు తాళం తీసి ఏడు రాట్నాల కదుర్లకూ నూనె రాస్తున్నాను. నూనె పట్టిందో లేదో తెలియాలంటే ఒకసారి తిప్పి చూడాలి. తిప్పే ముందు మామ ఇచ్చిన నూలుపోగు ఒకటి వేస్తాను.